బజారుకీడిస్తే మానరు

హైదరాబాద్‌లో మత్తు మీద ఏ పెద్ద దాడి జరిగినా మర్నాడు న్యూస్‌రూముల్లో, అపార్ట్‌మెంట్ లిఫ్టుల్లో ఒకటే మాట: "వీళ్లను బజారుకీడిస్తేగానీ బుద్ధి రాదు." ఈ మాట అనేవాళ్లు దుర్మార్గులేం కారు. చాలామంది ఎదిగిన పిల్లలున్న తల్లిదండ్రులు. కొందరు నిజాయతీగా పనిచేసే పోలీసు అధికారులు. మరికొందరు నా పక్క కుర్చీలో కూర్చుని మంచి వార్తలు రాసినవాళ్లు. ఈ నగరంలో మత్తు గురించీ, దాని వైద్యం గురించీ రాయడం మొదలుపెట్టిన నాటి నుంచి ఈ మాట వింటూనే ఉన్నాను. సందర్భం వచ్చినప్పుడల్లా ముక్కలు ముక్కలుగా జవాబు చెబుతూ వచ్చాను. ఈసారి పూర్తిగా చెప్పాలనుంది.

ఖండించే ముందు ఆ వాదనను దాని బలంతోనే ముందు పెట్టాలి. మత్తు ఎవరూ బలవంతంగా నోట్లో పోసేది కాదు, కావాలని తీసుకునేది. పరువు పోతుందన్న భయం ఉన్నవాడు అసలు మొదలుపెట్టడు. పెట్టినా, నలుగురిలో తల దించుకోవాల్సి వస్తే మానేస్తాడు. అప్పటికీ మానకపోతే గట్టి సెంటర్లో పడేసి మూడు నెలలు తాళం వేస్తే దారికొస్తాడు. కాబట్టి కెమెరా చేసేది కూడా ఒక రకం వైద్యమే. ఈ చివరి మాట ఎవరూ పైకి అనరు గానీ మన బులెటిన్లన్నీ దాని మీదే నడుస్తాయి.

ఈ సిద్ధాంతానికి మన నగరంలో రెండు పెద్ద పరీక్షలు జరిగాయి. మొదటిది 2017 జులైలో. ఎక్సైజ్ శాఖ ప్రత్యేక దర్యాప్తు బృందం పన్నెండు మంది సినిమావాళ్లకు నోటీసులిచ్చి నాంపల్లిలోని ఆబ్కారీ భవన్‌కు పిలిచింది. ఆ విచారణలు జరిగినన్నాళ్లూ తెలుగు చానళ్లకు వేరే లోకం లేదు. ఎవరు ఏ కారులో వచ్చారు, లోపల ఎన్ని గంటలు కూర్చున్నారు, రక్తమిచ్చారా, గోళ్లిచ్చారా, వెంట్రుకలిచ్చారా! ఒక నటి హైకోర్టు మెట్లెక్కితే, సమ్మతి లేకుండా రక్త నమూనాలు తీసుకోవద్దని కోర్టు చెప్పాల్సి వచ్చింది. ఆ పేర్లు ఇక్కడ మళ్లీ రాయను. విచారణకు పిలిచినంత మాత్రాన ఎవరూ దోషులు కారన్న సంగతి అప్పుడు అందరం గాలికొదిలేశాం. నాలుగేళ్ల తర్వాత 2021లో ఈడీ అవే ముఖాలను మళ్లీ పిలిచింది, కెమెరాలు మళ్లీ అవే కార్ల వెంట పడ్డాయి. అదే 2017లో, బడిపిల్లలు, కాలేజీ పిల్లలు కూడా మత్తు కొంటున్నారని దర్యాప్తు బృందమే చెప్పింది. నా దృష్టిలో ఆ మొత్తం ఉదంతంలో అతి పెద్ద వార్త అది. ఆ పిల్లలకు ఎవరు వైద్యం చేశారు, ఎక్కడ చేశారు, ఎలా ఉన్నారు అన్న వార్త మాత్రం నా కంటపడలేదు.

రెండోది 2022 ఏప్రిల్ 3, ఆదివారం తెల్లవారుజామున. బంజారాహిల్స్ రాడిసన్ బ్లూ హోటల్లోని పుడింగ్ అండ్ మింక్ పబ్ మీద టాస్క్‌ఫోర్స్ దాడి చేసింది. దాదాపు నూటయాభై మందిని బంజారాహిల్స్ స్టేషన్‌కు తరలించారు. దొరికిన కొకైన్ చిన్న ప్యాకెట్లలో కొన్ని గ్రాములు. అరెస్టయింది పబ్బు నడిపేవాళ్లు. స్టేషన్ ఇన్‌స్పెక్టర్ సస్పెండయ్యారు. మిగతావాళ్లలో అత్యధికులు వివరాలు రాసిచ్చి ఇంటికెళ్లారు. అయితే స్టేషన్ గేటు దగ్గర చున్నీలు, జాకెట్లు, చివరికి ఉత్త చేతులైనా ముఖానికి అడ్డం పెట్టుకుని కార్ల వైపు పరిగెత్తిన పిల్లలు ఆ రోజంతా తెర మీద పరిగెత్తుతూనే ఉన్నారు. ఆ నూటయాభై మందిలో ఎంతమంది మత్తుకు బానిసలో, ఎంతమంది ఒకసారి రుచి చూసినవాళ్లో, ఎంతమంది అసలు ముట్టుకోనివాళ్లో ఎవరికీ అక్కర్లేకపోయింది.

బజారుకీడ్చడం అంటే ఇదే కదా. ఇంతకంటే ఎక్కువ ఈడ్చడం సాధ్యం కూడా కాదు. మరి భయం పనిచేసిందా? 2022 ఫిబ్రవరిలో మత్తు మీద హెచ్-న్యూ అనే నగర పోలీసు విభాగం వచ్చింది. 2023 మేలో బంజారాహిల్స్ రోడ్ నంబర్ 12లోని పోలీసు కమాండ్ కంట్రోల్ సెంటర్‌లో రాష్ట్ర నార్కోటిక్స్ బ్యూరో తెరిచారు. 2025 జూన్‌లో దానికి ఈగల్ అని కొత్త పేరు పెట్టి కొత్త బలమిచ్చారు. విభాగాలు పెరిగాయి కాబట్టి మత్తు పెరిగిందని నేను అనను, నిఘా పెరిగినా కేసులు పెరుగుతాయి. కానీ ఒక్కసారి తెర మీద చూపిస్తే ఊరంతా జడుసుకుని మానేస్తుందన్న ధీమాకు ఇన్నేళ్లలో ఒక్క ఆధారం కూడా నాకు ఎవరూ చూపించలేదు.

దాడి వార్త వచ్చిన ప్రతిసారీ నాలాంటి విలేకరులకు జరిగేది ఒకటుంది. తెలిసినవాళ్ల ద్వారా నంబర్ పట్టుకుని ఎవరో ఒక తండ్రో తల్లో ఫోన్ చేస్తారు. గొంతు తగ్గించి, చాలాసేపు అటూ ఇటూ తిరిగి అసలు విషయానికొస్తారు: "మావాడిని ఎక్కడ చూపిస్తే పేరు బయటికి రాదు సార్?" ఏ డాక్టరు మంచివాడని కాదు, ఎక్కడైతే పేరు బయటికి రాదు అని. ప్రభుత్వాసుపత్రికి వెళ్లమంటే ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం పేరు వింటేనే హడలిపోతారు. ఓపీ చీటీ మీద పేరుంటుంది, వరుసలో ఎవరైనా గుర్తుపడతారు. అందుకే అడిగినవాడికి ఏ కాగితమూ చూపించని సెంటర్ కావాలి. కాగితం లేని సెంటర్‌కు కావాల్సింది కూడా అలాంటి తల్లిదండ్రులే. సిగ్గు మనిషిని వైద్యం దగ్గరికి తోలుతుందని కదా వాదన. నేను చూసినంతవరకు అది తాళం దగ్గరికి తోలుతోంది.

ఆ తాళం లోపల ఏముంటుందో ఒక కుర్రాడి కథలో చెబుతాను. పేర్లు వద్దు, ఊళ్లు వద్దు, సెంటర్ పేరు అసలే వద్దు. అమీర్‌పేటలో మైత్రీవనం పక్క సందుల్లో కోర్సు నేర్చుకుంటూ, ఎస్సార్ నగర్ హాస్టల్లో గదికి నలుగురు చొప్పున ఉన్నవాడు. ఇంటర్వ్యూలకు వెళ్లడం, తిరిగి రావడం. గంజాయితో మొదలై నిద్రమాత్రల దాకా వెళ్లాడు. తండ్రి నల్గొండ వైపు రైతు. పంజాగుట్ట బస్టాపు గోడకు అంటించిన కాగితం చూసి ఫోన్ చేశాడు. "మీరు రానక్కర్లేదు, మేమే తెచ్చుకుంటం" అన్నారట అవతలివాళ్లు. అర్ధరాత్రి కారులో నలుగురు దిగి, హాస్టల్ మెట్ల మీద నుంచి కుర్రాణ్ని చేతులు విరిచి ఎక్కించుకుపోయారు. తండ్రి సంతకం పెట్టిన కాగితం మీద ఏం రాసుందో తండ్రికి తెలియదు. "కొడితే కొట్టనీ అని నేనే అన్న సార్, వోనికి బుద్ధి రావాలె గద" అని చెప్పాడు నాతో, కళ్లలోకి చూడకుండా.

లోపల మొదటిరోజే గుండు కొట్టారు. మెడలో అట్టముక్క వేలాడదీశారు, దాని మీద 'నేను దొంగని' అని. పొద్దున బాత్రూములు కడగడం, సాయంత్రం మీటింగ్. మీటింగ్ అంటే అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి మధ్యలో ఒకణ్ని నిలబెట్టి తిట్టించడం. "రోజూ అదే అన్నా. తిట్టకపోతే నీకు పడతయ్. అందుకని గట్టిగ తిట్టేది నేర్చుకున్న," అన్నాడు. డాక్టరు వారానికోసారి వస్తాడని తండ్రికి చెప్పారు. ఆయన్ని ఒక్కసారి కూడా చూడలేదట. నిద్రమాత్రలు ఒక్కసారిగా ఆపేసిన మూడో రోజు మూర్ఛ వచ్చి పడిపోతే, నాటకమన్నారు. మూడు నెలలయ్యాక బయటికొచ్చాడు. వారం తిరక్కుండా మళ్లీ మొదలుపెట్టాడు. ఆ తండ్రి దాన్నుంచి ఏం తేల్చుకున్నాడంటారు? సెంటర్ సరిపోను గట్టిది కాదని. ఇంకో గట్టి సెంటర్ వెతకడం మొదలుపెట్టాడు. ఈ వాదనకున్న సౌకర్యమే అది, ఎన్నిసార్లు ఓడినా డోసు చాల్లేదనే తేలుతుంది.

ఈ అట్టముక్క, ఈ గుండు, ఈ తిట్ల వలయం మన ఊరి కల్పన కాదు. 1958లో కాలిఫోర్నియాలో చక్ డెడెరిక్ అనేవాడు సినానాన్ అనే సంస్థ పెట్టాడు. తాగుడు మానిన మనిషి, వైద్యుడు కాడు. హెరాయిన్ అలవాటున్నవాళ్లను చుట్టూ కూర్చోబెట్టి ఒకరినొకరు చీల్చి చెండాడుకునేలా చేయడమే చికిత్స అన్నాడు. దానికి 'ఆట' అని పేరు పెట్టాడు. పత్రికలు మొదట అద్భుతమని రాశాయి. ఆ నమూనా చూసి లెక్కలేనన్ని సెంటర్లు పుట్టాయి. సినానాన్ మాత్రం క్రమంగా మతంగా మారి, గుండ్లు కొట్టి, ఆయుధాలు పోగేసుకుని, చివరికి 1978లో తమ మీద కేసు గెలిచిన లాయరు ఉత్తరాల పెట్టెలో గిలక పామును పెట్టే దాకా వెళ్లింది. దాని గుట్టును పట్టువదలకుండా విప్పింది ఒక చిన్న పత్రిక. పాయింట్ రేయెస్ లైట్ అనే కొద్ది వేల కాపీల వారపత్రిక. 1979లో దానికి పులిట్జర్ వచ్చింది. వాళ్లు చేసిందల్లా మత్తు తీసుకున్నవాళ్ల వెంట పడకుండా, మాన్పిస్తామన్నవాళ్లను ప్రశ్నించడం. అమెరికాలోనే మాయా సాలవిట్జ్ అనే విలేకరి, ఒకప్పుడు హెరాయిన్, కొకైన్ తీసుకున్నావిడే, పిల్లల్ని 'గట్టి క్రమశిక్షణ'తో బాగుచేస్తామనే వ్యాపారం మీద 2006లో ఒక పుస్తకమే రాసింది. మత్తు వైద్యాన్ని పరిశోధించి రాయడమే వృత్తిగా దశాబ్దాలు గడిపింది. మన దగ్గర ఆ బీటే లేదు. మత్తు క్రైమ్ రిపోర్టర్‌ది, ఆసుపత్రి హెల్త్ రిపోర్టర్‌ది. ఇద్దరి మధ్యలో పడిన మనిషి ఎవరి వార్తా కాదు.

మన చట్టం ఈ విషయంలో మన వార్తల కంటే చాలా ముందుంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం మద్యం, మత్తుల వల్ల వచ్చే మానసిక స్థితులను మానసిక అనారోగ్యంలో చేర్చింది. అంటే ఆ రోగుల్ని చేర్చుకుని వైద్యం చేసే ప్రతిచోటూ నమోదు కావాలి. మనిషికి ఇష్టం లేకుండా చేర్చాలంటే ఒక సైకియాట్రిస్టు, ఇంకొక వైద్యుడో మానసిక ఆరోగ్య నిపుణుడో విడివిడిగా పరీక్షించి ఒప్పుకోవాలి. అదీ మొదట ముప్ఫై రోజులకే. తండ్రి సంతకం ఒక్కటీ చాలదు. గొలుసులతో కట్టకూడదు. రోగి ఫొటో గానీ వివరాలు గానీ సమ్మతి లేకుండా మీడియాకు ఇవ్వకూడదు. మాదకద్రవ్యాల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం 64ఎ సెక్షన్ ఇంకా సూటిగా ఉంది: వాడినందుకో, కొద్ది పరిమాణం దొరికినందుకో కేసు ఎదుర్కొంటున్న మత్తు బానిస తనంతట తాను ప్రభుత్వం గుర్తించిన చోట వైద్యానికి వెళ్లి పూర్తిచేస్తే అతన్ని విచారించరు, మధ్యలో మానేస్తే ఆ రక్షణ తీసేయొచ్చు. పార్లమెంటు రాసిన మాట ఇది, ఎవరో మెతక మనసువాళ్ల కోరిక కాదు. పబ్బు దాడి వార్తలు ఇన్ని చదివాం కదా, వాటిలో 64ఎ గురించి ఎన్నిసార్లు చదివారో మీరే గుర్తు చేసుకోండి.

ఇప్పుడు ఈ వాదనలోని ఇంకో సగానికి వస్తాను: డ్రగ్స్ అంటే బంజారాహిల్స్ రోగం, డబ్బు బలిసినవాళ్ల రోగం అన్న నమ్మకం. రోడ్ నంబర్ 12లోని పోలీసు టవర్ల నుంచి కిందికి దిగి పంజాగుట్ట చేరడానికి ట్రాఫిక్ లేకపోతే పది నిమిషాలు. అక్కడ ఫ్లైఓవర్ స్తంభాల కింద పదీ పన్నెండేళ్ల పిల్లలు చేతిరుమాలును ముక్కుకు ఆనించుకుని కూర్చునుంటారు. జలుబనుకుంటాం. రుమాల్లో ఉండేది పంక్చర్ సొల్యూషనో, వైట్‌నరో. ఆకలి తెలియదు, చలి తెలియదు, దెబ్బ తగిలినా నొప్పి తెలియదు. సిగ్నల్ దగ్గర నా స్కూటర్ అద్దం పట్టుకుని నిలబడ్డ ఒకడి పెదాల చుట్టూ చర్మం ఎండిన బంకలా పొరలు లేచి ఉంది. "ఏం పీలుస్తున్నవ్‌రా" అంటే నవ్వి, రుమాలు వెనక దాచి, "చాయ్ తాపియ్యన్నా" అన్నాడు.

కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ చేసిన జాతీయ సర్వే 2019లో వచ్చింది. ఇలా పీల్చే మత్తు ఒక్కటే పెద్దల్లో కంటే పిల్లల్లో ఎక్కువగా కనిపించింది: పెద్దల్లో 0.58 శాతమైతే, 10 నుంచి 17 ఏళ్లవాళ్లలో 1.17 శాతం. నాలుగున్నర లక్షలకు పైగా పిల్లలకు దీనికి సాయం కావాలని అంచనా. సీసాల్లో వైట్‌నర్, థిన్నర్ చిల్లరగా అమ్మకూడదని 2012లోనే కేంద్రం చెప్పింది. కానీ ఇవి ఎన్‌డీపీఎస్ జాబితాలో లేవు. అందుకని దాడి ఉండదు, ప్రెస్‌మీట్ ఉండదు, బల్ల మీద ప్యాకెట్లు పేర్చి ఫొటో తీయడానికి ఏమీ ఉండదు. ఆ పిల్లాణ్ని బజారుకీడుద్దామన్నా, వాడు ఇప్పటికే బజార్లోనే ఉన్నాడు. మరి వాడెందుకు మానలేదు? సిగ్గుపెట్టి మాన్పించేవాళ్లు దీనికి జవాబు చెప్పాలి.

అదే పంజాగుట్టలో నిమ్స్ ఆసుపత్రి ఉంది. 2025 జులైలో కూకట్‌పల్లి వైపు కల్లు కాంపౌండ్లలో కల్తీ కల్లు తాగినవాళ్లను కిడ్నీలు దెబ్బతిన్న స్థితిలో అక్కడికి తెచ్చారు. పలువురు చనిపోయారు. ఆ కల్లులో ఆల్ప్రాజోలం కలిసిందని తేలింది. తెలంగాణలో ఇది కొత్త విషయమేం కాదు. చెట్టు కల్లు సరిపోని చోట నీళ్లలో డైజోఫాం, క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రాజోలం కలిపి పోయడం పల్లెల్లో అందరికీ తెలిసిన గుట్టు. తాగేవాడికి తాను డ్రగ్స్ తీసుకుంటున్నానని కూడా తెలియదు, కల్లే అనుకుంటాడు. సాయంత్రం దాకా మట్టి మోసి ఒళ్లు నొప్పులకు ఒక సీసా తాగే అడ్డా కూలీ ఏళ్ల తరబడి ట్రాంక్విలైజర్‌కు బానిసై ఉంటాడు. 2015లో ప్రభుత్వం కల్తీ కల్లు మీద ఉక్కుపాదం మోపినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ లాంటి జిల్లాల్లో ఆసుపత్రులు నిండిపోయాయి. తాగినందుకు కాదు, తాగనందుకు. వణుకు, పిచ్చి చూపులు, ఫిట్స్.

'మానెయ్యాలనుకుంటే మానెయ్యొచ్చు, మనసుండాలి అంతే' అనేవాళ్లకు 2020 మార్చి ఆఖరి వారంలో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ఓపీ చూపించాల్సింది. లాక్‌డౌన్‌లో ఉన్నపళాన వైన్సులు మూతపడ్డాయి, కల్లు కాంపౌండ్లు మూతపడ్డాయి. రాష్ట్రంలో అందరూ ఒకే రోజు మానేశారు! చిత్తశుద్ధి సమస్యే లేదు. రోజూ పదుల సంఖ్యలో జనాన్ని అక్కడికి మోసుకొచ్చారు. చీటీ మీద వేలిముద్ర వేయడానికి చెయ్యి నిలవక భార్య మణికట్టు పట్టుకుని వేయిస్తోంది ఒకాయనకు. ఇంకొకాయన ఒంటి మీద లేని పురుగుల్ని ఏరిపారేస్తున్నాడు. ఎక్కువకాలం బాగా తాగినవాడు ఒక్కసారిగా ఆపితే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. మూడో రోజుకల్లా మతి తప్పి, జ్వరం, గుండెదడ ముదిరి ప్రాణం మీదికి రావచ్చు. దీనికి మందుంది. లోరజెపాం, క్లోర్‌డయాజెపాక్సైడ్ లాంటివి క్రమంగా తగ్గించుకుంటూ ఇవ్వాలి, థయమిన్ ఇంజెక్షన్ పడాలి. ఖరీదైన వైద్యమేం కాదు. గదిలో పెట్టి తాళం వేసేవాడికి ఈ సంగతి తెలియకపోతే చచ్చేది లోపలున్నవాడు. నేను పైన చెప్పిన కుర్రాడు బతికాడంటే అది వాళ్ల గొప్పతనం కాదు.

అదే జాతీయ సర్వేలో నాకు కంఠతా వచ్చిన లెక్క ఇంకొకటుంది. మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. ఆసుపత్రిలో చేర్చి చేసిన చికిత్సయితే 180 మందిలో ఒక్కరికి. మిగతావాళ్లంతా సిగ్గు లేనివాళ్లా? సిగ్గే మందైతే మన దేశంలో తాగుబోతు అన్న పేరు మోయని తాగుబోతు ఎవరున్నారు? భార్య తిడుతుంది, మామ తిడతాడు, ఊరు నవ్వుతుంది, పిల్లలు పక్కకు తప్పుకుంటారు. ఇంత పుష్కలంగా దొరికే మందు ఇంతమందికి పనిచేయకపోవడం ఏమిటో!

ఇక ఎదురు ప్రశ్నలు. 'అయితే అమ్మేవాళ్లను వదిలేయమంటావా?' వదలమని ఎవరన్నారు. ఆల్ప్రాజోలం తయారుచేసి కల్లులో కలిపించేవాణ్ని ఎంత గట్టిగా పట్టుకుంటే అంత మంచిది. విశాఖ ఏజెన్సీ నుంచి వచ్చే గంజాయి లారీలను ఆపడం పోలీసుల పని, దాని వార్త రాయడం మా పని. నా పేచీ ఒక్కటే: అమ్మేవాడూ, వాడేవాడూ, వాడకపోయినా ఆ రాత్రి అక్కడున్నవాడూ ఒకే ఫ్రేములో ఒకే శిక్షకు గురికావడం. 'మెతగ్గా ఉంటే ఇంకో పదిమంది మొదలెడతారు' అంటారు. వైద్యం దొరుకుతుందన్న ధైర్యంతో మత్తు మొదలుపెట్టినవాడు నాకింకా తగల్లేదు. 'మందులిచ్చి మాన్పించడమంటే ఒక మత్తు పోయి ఇంకో మత్తు' అంటారు. హెరాయిన్ లాంటివాటికి ఇచ్చే బ్యుప్రెనార్ఫిన్, మెథడోన్‌లను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. అవి తీసుకుంటూ ఉద్యోగానికెళ్లి సాయంత్రం పిల్లల్ని బడి నుంచి తెచ్చుకునేవాణ్ని మత్తులో ఉన్నాడనడం మొండితనం.

అన్నిటికంటే ఎక్కువగా వినిపించేది, 'మళ్లీ మొదలెట్టాడు కదా, వైద్యం దండగ' అనేది. షుగరున్న మామగారు సంక్రాంతికి అరిసెలు తిని ఆసుపత్రిలో చేరితే ఇన్సులిన్ దండగని ఎవరూ అనరు, మోతాదు సరిచేసి ఇంటికి పంపుతారు. మత్తు వైద్యంలో మళ్లీ జారడం నూటికి నలభై నుంచి అరవై మందిలో ఉంటుందని, బీపీ, ఆస్తమా రోగులు మందు తప్పించడంతో పోలిస్తే ఇదేం ఎక్కువ కాదని పాతికేళ్లుగా వైద్య పత్రికలు చెబుతున్నాయి. ఆ అమీర్‌పేట కుర్రాడు రెండో 'గట్టి సెంటర్'కు వెళ్లకుండా ఒక మేనత్త అడ్డం పడి ఎర్రగడ్డకు తీసుకెళ్లింది. మాత్రల కంటే ముందు నుంచే వాడికి రాత్రిళ్లు గుండెదడ, భయం ఉన్నాయనీ, నిద్ర కోసమే మాత్రలు మొదలయ్యాయనీ అక్కడ డాక్టరు అడిగితే గానీ తేలలేదు. అంతకుముందు ఆ ప్రశ్న వేసినవాడే లేడు. తర్వాత కూడా రెండుసార్లు జారాడు. ఇప్పుడు ఒక కొరియర్ కంపెనీలో పనిచేస్తున్నాడు. పూర్తిగా మానేశాడని నేను రాయను, రేపటి సంగతి వాడికే తెలియదు. నెలకోసారి ఓపీకి వెళ్తున్నాడు, అది చాలు నాకు.

తెలుగు పత్రికలకు ఈ పని చేతకాదని అనుకోను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోసమ్మ, తోటి ఆడవాళ్లు సారా దుకాణం మూయించినప్పుడు ఆ కథను రాష్ట్రమంతా మోసుకెళ్లింది పత్రికలే. 'ఈనాడు' 'సారాపై సమరం' పేరుతో పేజీలకు పేజీలు ఇచ్చింది. పల్లె ఆడవాళ్లు తమ మాటల్లోనే మాట్లాడారు. 1993 అక్టోబర్‌లో సారా ఆగింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. ఆ ఉద్యమం పట్ల నాకు గౌరవమే తప్ప ఇంకొకటి లేదు. కానీ అప్పుడు కూడా మొగుడి తాగుడు మాన్పించేందుకు జిల్లా ఆసుపత్రిలో ఏముందన్న ప్రశ్న వెనకబడిపోయింది. దుకాణం మూస్తే తాగుడు పోతుందనుకున్నాం. దుకాణాలు మళ్లీ తెరుచుకున్నాయి, ప్రభుత్వ ఖజానాకు వేల కోట్లు తెచ్చే ఆదాయమయ్యాయి, ఆసుపత్రిలో మంచాల సంగతి మాత్రం అక్కడే ఉంది.

అందుకని ఇకపై కమాండ్ కంట్రోల్ సెంటర్‌లో జరిగే ప్రెస్‌మీట్‌కు వెళ్లే కుర్ర రిపోర్టర్లకు ఒక పని చెబుతాను. ముసుగులేసి నిలబెట్టినవాళ్ల ఫొటో ఎలాగూ తీస్తారు, తియ్యండి. గ్రాముల లెక్క రాసుకోండి. ఆ తర్వాత చెయ్యెత్తండి. వీళ్లలో వాడుకదార్లు ఎంతమంది, వాళ్లకు 64ఎ గురించి ఎవరైనా చెప్పారా, చెబితే ఎంతమందిని ఏ ఆసుపత్రికి పంపారు, వాళ్లలో ఎంతమంది వైద్యం పూర్తిచేశారు? అక్కడి నుంచి ఎర్రగడ్డకు వెళ్లి డీఅడిక్షన్ వార్డులో మంచాలెన్నో, ఏ మందు నెలలో ఎన్ని రోజులు ఉండదో అడగండి. సాయంత్రం పంజాగుట్ట బస్టాపు గోడల మీది కాగితాల నుంచి నంబర్లు రాసుకుని, ఒక్కో సెంటర్‌కు ఫోన్ చేసి మానసిక ఆరోగ్య చట్టం కింద నమోదు సంఖ్య చెప్పమనండి. చెప్పనివాళ్ల జాబితాను ఆదివారం మొదటి పేజీలో వేయమని ఎడిటర్‌తో కొట్లాడండి. ప్రెస్‌మీట్‌లో అధికారికి కోపం రావచ్చు, 'అది మా సబ్జెక్టు కాదు, హెల్త్ వాళ్లను అడగండి' అనొచ్చు. ఆ మాటను ఆయన పేరుతో సహా యథాతథంగా రాసుకుని, నేరుగా హెల్త్ వాళ్ల దగ్గరికి వెళ్లండి.